పింక్ ఫ్లాయిడ్‌లో మాట బలం దేనిది: ‘డార్క్ సైడ్’దా, ‘వాల్’దా?

రాక్ పాటల్లో తత్వమా అని ఎవరైనా ఎకసెక్కంగా అడిగితే, ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ అభిమానులు వెంటనే రెండు ఆల్బమ్‌ల పేర్లు ముందు పెడతారు. ఒకటి 1973 మార్చిలో వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’. రెండోది 1979 నవంబరు 30న వచ్చిన ‘ది వాల్’. రెండింటిలోనూ మాటలు రాసింది బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్సే. ఒకే కలం, మధ్యలో ఆరేళ్ల దూరం. వీటిలో ఒక్కటే ఉంచుకోమంటే ఏది ఉంచుకోవాలి? గిటార్ల సంగతి ఇక్కడ ఎత్తను. ఆ తగువు తెల్లవార్లూ సాగినా తెగదు. మాటల బరువు, వాటి వెనక ఉన్న ఆలోచన, అంతవరకే నా తూకం.

ఇరవై ఏళ్ల వయసులో నా ఓటు ‘వాల్’కే పడింది. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్ హాస్టల్‌కు చేరినవాడికి ఇంగ్లిషు పాటలో సగం మాటలు చెవికి ఆనవు. ‘వాల్’లో కథ ఉంది కాబట్టి మాట జారిపోయినా కథ చేయి పట్టుకుని నడిపిస్తుంది. పింక్ అనే రాక్ గాయకుడు. తండ్రి యుద్ధంలో పోయాడు. బడిలో మాస్టారు పిల్లలందరి ముందు ఎగతాళి చేశాడు. తల్లి కొంగు వదలనివ్వలేదు. భార్య దూరమైంది. తగిలిన ప్రతి దెబ్బా ఒక ఇటుక. గోడ పూర్తయ్యేసరికి లోపల అతనొక్కడే మిగిలాడు. ఆ ఒంటరితనం ముదిరి అతనిలోంచి ఒక నియంత బయటికొస్తాడు. చివరికి తన మీద తానే విచారణ పెట్టుకుంటాడు, గోడ కూల్చమని తీర్పు వస్తుంది. 26 పాటలు, దాదాపు 81 నిమిషాలు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇంతకన్నా ఏం కావాలి? తన కష్టానికి కారకులైన వాళ్ల జాబితా మొత్తం ఇందులో ఉంది.

కథలో చాలా భాగం వాటర్స్ జీవితమే. ఆయన తండ్రి 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి వాటర్స్ అయిదు నెలల పసివాడు. ఇక గోడ ఆలోచనకు బీజం 1977 జులై 6న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో పడింది. ముందు వరసలో గోల చేస్తున్న ఒక అభిమాని ముఖం మీద వాటర్స్ ఉమ్మేశాడు. తర్వాత తన పనికి తానే నిర్ఘాంతపోయాడు. నాకూ శ్రోతలకూ మధ్య నిజంగానే ఒక గోడ కడితే ఎలా ఉంటుంది అన్న ఊహ అక్కడి నుంచి పెరిగింది. 1980లో కచేరీ చేసినప్పుడు వేదిక మీద అట్ట ఇటుకలతో నిజంగానే గోడ కట్టారు కూడా.

‘డార్క్ సైడ్’లో ఇలాంటి కథ లేదు, నాయకుడు లేడు. కాలం, చావు, డబ్బు, యుద్ధం, పిచ్చి: మనిషి మీద పడే ఒత్తిళ్లు ఒక్కో పాటగా వరసగా వస్తాయి, 43 నిమిషాల్లో అయిపోతాయి. మాటలు కూడా చాలా మామూలువి. ఆ రోజుల్లో నాకు అదే నచ్చలేదు. కాలం ఆగదు, డబ్బు పాడుచేస్తుంది, యుద్ధం దండగ అని చెప్పడానికి లండన్ నుంచి ఎవరో రావాలా, ఇవి మా తాతకూ తెలుసు అనేవాణ్ని.

తాతకు తెలిసిన సంగతి మనవడికి ఎప్పుడు తెలుస్తుందన్నదే ‘టైమ్’ పాట. గడియారాలన్నీ ఒక్కసారి మోగి ఆగాక, గొంతు వినిపించడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. ఎప్పుడు మొదలవుతుందా అని విసుక్కుంటూ కూర్చుంటాం. ఆ విసుగు పాటలో భాగమేనని చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు. జీవితం ఇంకా మొదలు కాలేదు, ఇది సన్నాహమే అనుకుంటూ ఉండగా ఒకనాడు చూసేసరికి పదేళ్లు వెనకపడిపోయాయి, పరుగు మొదలుపెట్టమని పేల్చిన తుపాకీ మోత మనకు వినపడనే లేదు అంటుంది పాట. రాసే నాటికి వాటర్స్‌కు ఇంకా ముప్ఫై రాలేదు. జీవితం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నానని, అది ఎప్పుడో మొదలైపోయిందని ఇరవై ఎనిమిదేళ్ల ప్రాంతంలో తెలిసిందని ఆయనే చెప్పుకున్నాడు. చివరి చరణంలో ఇంకేదో చెప్పాలనుకున్నానే అంటూ పాటే ముగిసిపోతుంది. ఆ మాటకు బరువు రావడానికి నాకు ఉద్యోగం, పెళ్లి, రెండు ఇళ్లు మారడం అవసరమయ్యాయి.

తర్వాత వచ్చే పాట మరీ విచిత్రం. మాటల మీద తూకం వేస్తూ మాటలే లేని పాటను లెక్కలోకి తీసుకోవడం న్యాయమేనా అంటే, నా దృష్టిలో న్యాయమే. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ చావు గురించి. ఆల్బమ్ విడుదలకు ఏడాది ముందు నుంచే బ్యాండ్ ఈ పాటలన్నిటినీ కచేరీల్లో వాయించి చూసుకుంది. అప్పట్లో ఈ చోట ఆర్గన్ మీద బైబిల్ పాఠాలు, మతం మీద ప్రసంగాల ముక్కలు వినిపించేవాళ్లు. స్టూడియోలో వాటిని తీసేసి, క్లేర్ టోరీ అనే గాయనిని పిలిపించి, మాటలు లేకుండా పాడమన్నారు. ఆమెకు ఆ రోజు దక్కింది 30 పౌండ్లు. (2004లో ఆమె కోర్టుకు వెళ్లింది, మరుసటి ఏడాది రాజీ కుదిరి సంగీత రచనలో బ్యాండ్ కీబోర్డు కళాకారుడు రిచర్డ్ రైట్ పక్కన ఆమె పేరూ చేరింది. ఆలస్యంగానైనా ఆ పని జరిగింది.) చావు మీద చెప్పడానికి సిద్ధంగా ఉన్న మాటలన్నీ పక్కన పెట్టి ఒక ఏడుపును, ఒక కేకను ఉంచడం రచయిత తీసుకోగల నిర్ణయాల్లో గట్టిది. ‘వాల్’ రాసిన వాటర్స్ ఈ పని చేసి ఉండేవాడని నాకు నమ్మకం లేదు. అక్కడ ప్రతి గాయానికీ వివరణ ఉంది.

మాటలు పూర్తిగా లేవనడమూ సరికాదు. ఆ పాట మొదట్లో ఒక ముసలి గొంతు, చావంటే నాకేం భయం, ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందేగా అంటుంది. ఆ గొంతు ఆబీ రోడ్ స్టూడియోలో కాపలా కాసే ఐర్లండ్ మనిషిది. వాటర్స్ కొన్ని ప్రశ్నలు అట్టముక్కల మీద రాసి స్టూడియోలో కనపడ్డవాళ్లను ఒక్కొక్కరినీ మైకు ముందు కూర్చోబెట్టాడు. నువ్వు చివరిసారి ఎవరి మీద చేయి చేసుకున్నావు? అప్పుడు తప్పు నీదా, వాళ్లదా? చావంటే భయమా? ఆ సమయంలో అక్కడే రికార్డింగ్ చేసుకుంటున్న ఒకప్పటి బీటిల్స్ గాయకుడు పాల్ మెక్‌కార్ట్నీని కూడా అడిగారు గానీ, ఆయన జవాబులు వాడలేదు. కాపలాదారు జవాబులు వాడారు, బ్యాండ్ సామాను చూసుకునే కుర్రాడి జవాబులు వాడారు.

ఆ కుర్రాడి మాటలు ఎక్కడ పెట్టారో చూడండి. ‘అస్ అండ్ దెమ్’ యుద్ధం పాట. సేనాపతులు కూర్చుని ఉంటారు, పటం మీద గీతలు అటూ ఇటూ జరుగుతాయి, ముందున్నవాళ్లు చస్తారు. ‘మేము’, ‘వాళ్లు’ అన్న మాటలు పలికిన ప్రతిసారీ ప్రతిధ్వనించి ఎటో పోతాయి. ఆ పాట నడుమ ఈ కుర్రాడు వచ్చి, దారిలో ఎవరితోనో పడ్డ తగాదా గురించి చెబుతాడు. వాడికి ఒక్కటిచ్చాను, అంతే, అది వాడికి తక్కువే అన్న ధోరణి. తప్పు తనది కాదని అతనికి పూర్తి నమ్మకం. సేనాపతికి ఉండే నమ్మకం ఇదే కదా అని పాట ఎక్కడా అనదు, పక్కపక్కన పెట్టి ఊరుకుంటుంది. చివరి చరణంలో టీకీ ఒక రొట్టెముక్కకూ డబ్బుల్లేక ఒక ముసలాయన చనిపోతాడు. యుద్ధంతో మొదలైన పాట అక్కడికి వచ్చి ఆగుతుంది.

ఈ చెవితో ‘వాల్’ దగ్గరికి తిరిగి వెళ్లినప్పుడు దానిలో నాకు ఊపిరాడలేదు. ‘ది ట్రయల్’ అనే విచారణ పాటలో ఆరోపణ చేసే వకీలు, బడి మాస్టారు, భార్య, తల్లి, జడ్జి, ఇన్ని పాత్రలకూ గొంతు వాటర్స్‌దే. ఇదంతా పింక్ బుర్రలో జరుగుతోంది కాబట్టి అలాగే ఉండాలి అనవచ్చు, రచనగా అది తెలివైన పనే. ఆల్బమ్ పొడుగునా జరిగేదీ అదే మరి. ‘మదర్’లో తల్లి మాటలు బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ పాడినా, అవి కొడుకు ఊహించుకున్న తల్లి మాటలు. భార్య తన వైపు సంగతి ఎప్పుడూ చెప్పుకోదు. భర్త యుద్ధంలో పోయాక ఒంటరిగా పిల్లల్ని పెంచిన తల్లి భయాన్ని ఒక ఇటుకగా లెక్కకట్టి పక్కన పెట్టడం, నాకూ పిల్లలున్న ఈ వయసులో, కొంచెం కష్టంగానే ఉంటుంది.

‘వాల్’లో గొప్ప పాటలు ఏవని ఎవరిని అడిగినా వచ్చే పేర్లు చూస్తే నా అనుమానం బలపడుతుంది. ‘కంఫర్టబ్లీ నంబ్’లో రెండు గొంతులున్నాయి, డాక్టరుగా వాటర్స్, మత్తులో ఉన్న పింక్‌గా గిల్మర్. బాణీ కూడా గిల్మర్‌దే. ఇక ‘అనదర్ బ్రిక్’ రెండో భాగంలో లండన్‌లోని ఇస్లింగ్టన్ గ్రీన్ బడి పిల్లలు 23 మంది పాడారు. వాళ్ల గొంతులనే మీద మీద పేర్చి పెద్ద గుంపులా చేశారు. చదువు మాకొద్దు అన్న మాటను ఒంటరి కోటీశ్వరుడి నోట వింటే అది ఫిర్యాదు. పిల్లల నోట వింటే వేరే సంగతి. దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు తమకిచ్చే నాసిరకం చదువు మీద తిరగబడి దీన్ని పాడుకున్నారు, 1980లో అక్కడి ప్రభుత్వం పాటను నిషేధించింది. పింక్ కథకు ఆ పిల్లలకు ఏ సంబంధమూ లేదు. వేరేవాళ్లు లోపలికి వచ్చిన చోటల్లా ఈ ఆల్బమ్ గోడ దాటింది.

‘వాల్’ పక్షాన చెప్పాల్సింది ఒకటి ఉంది, అది చిన్నదేమీ కాదు. ‘ఇన్ ది ఫ్లెష్’ రెండోసారి వచ్చినప్పుడు నియంతగా మారిన పింక్ తన కచేరీకి వచ్చినవాళ్లలోంచే యూదులను, నల్లవాళ్లను ఏరి గోడకు నిలబెట్టమంటాడు. దెబ్బలు తిన్నవాడు మంచివాడై ఉండనక్కర్లేదు, అతని చేతికి కర్ర వస్తే ఏం చేస్తాడో చూడండి అని రచయిత తనను తానే బోనెక్కిస్తాడు. ‘డార్క్ సైడ్’లో పిచ్చివాడు పచ్చిక మీద నుంచి ఇంటి వసారాలోకి, అక్కడి నుంచి నా తలలోకి వస్తాడు. ఆ తల మానసికంగా దెబ్బతిని 1968లో బ్యాండ్‌కు దూరమైన తొలినాటి గాయకుడు సిడ్ బ్యారెట్‌దీ, వాటర్స్‌దీ, మనదీ కూడా. అయితే అతను ఎవరినీ గోడకు నిలబెట్టడు. హింస ఎవరి చేతుల్లోంచి వస్తుందన్న ప్రశ్నకు ‘వాల్’ జవాబే గట్టిది. ఆ ఒక్క విషయంలో మార్కులు దానికే.

ఈ రెండింటి మధ్య వచ్చిన ‘విష్ యూ వర్ హియర్’, ‘యానిమల్స్’ ఏమయ్యాయని అడిగేవాళ్లుంటారు. మొదటిది బ్యారెట్ లేని లోటు మీద రాసింది, తత్వం కన్నా దిగులు ఎక్కువ. రెండోది మనుషులను కుక్కలు, పందులు, గొర్రెలుగా పంచిన కోపం. కోపంలో పదును ఉంది గానీ, వినేవాడు తాను ఆ మూడింటిలో ఏదో తేల్చుకోకుండా తప్పించుకోవచ్చు.

లెక్కల విషయంలో ఒక తమాషా. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ‘వాల్’ 15 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ‘డార్క్ సైడ్’ ఆ స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం. అయితే 1988 వరకు అది ఆ పట్టికలో గడిపిన వారాలు 741. ‘మనీ’ పాటలో డబ్బును వెక్కిరించినవాళ్లకు ఆ పాటే డబ్బు కురిపించడం వేరే తమాషా. అది ఏడు దెబ్బల తాళం. మిశ్రచాపు అలవాటున్న మన చెవికి అందులో కొత్తేమీ ఉండదు, చేయి దానంతటదే లెక్క పట్టుకుంటుంది.

కాబట్టి నా దగ్గర ఉండిపోయేది ‘డార్క్ సైడ్’. కొత్తగా వినేవాళ్లు ఎవరైనా అడిగితే మాత్రం వయసును బట్టి చెబుతాను. ఇంట్లోవాళ్ల మీద కోపంతో తలుపు వేసుకునే వయసైతే ముందు ‘వాల్’ వినమంటాను, అదీ మాటలు ఎదురుగా పెట్టుకుని. దాని కవరు మీద అచ్చయిన మాటల్లో చివరి నిమిషంలో తీసేసిన పాట కూడా ఉండిపోయింది, ‘హే యూ’ ఏమో వేరే చోట ఉంది, చూసుకోవాలి. ‘డార్క్ సైడ్’కు ఆ ఇబ్బంది లేదు. పాటల మాటలను కవరు లోపల అచ్చువేయడం ఈ బ్యాండ్ దానితోనే మొదలుపెట్టింది, ఒక చూపులో చదివేయవచ్చు. చదివాక దీపం ఆర్పి, మధ్యలో ఆపకుండా వినాలి. చివర గుండె చప్పుడు మిగిలినప్పుడు శబ్దం కాస్త పెంచండి. చంద్రుడికి చీకటి వైపంటూ వేరే లేదు, నిజానికి అంతా చీకటే అని ఒక గొంతు వినిపిస్తుంది. మాట్లాడుతున్నది ఆ కాపలాదారే.