మిగిలిన సోలార్ కరెంటు: గ్రిడ్డుకివ్వాలా, బ్యాటరీ కొనాలా, ఇంట్లోనే వాడెయ్యాలా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు మేడ మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఎవరు కలిసినా ఇదే ప్రశ్న. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది, ప్యానెళ్లు ఎక్కాయి, రోజుకి సుమారు 12 యూనిట్లు వస్తున్నాయి, పగలు ఇంట్లో అంత వాడకం లేదు. మరి ఆ మిగులు ఏం చెయ్యాలి?

ముందు అసలు మిగులు ఎంతో చూడండి. నెట్ మీటరు, అంటే వచ్చే కరెంటునీ వెళ్లే కరెంటునీ రెండూ లెక్కపెట్టే మీటరు, దాని తెర మీద ఇంపోర్ట్ (గ్రిడ్డు, అంటే కరెంటు కంపెనీ లైను నుంచి తీసుకున్నది), ఎక్స్‌పోర్ట్ (గ్రిడ్డుకి పంపినది) అంకెలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటాయి. పగలు మనం పంపినదాన్ని, రాత్రి మనం లాక్కున్నదాన్లోంచి తీసేసి నికరానికే బిల్లు వేస్తారు. అంటే మధ్యాహ్నం గ్రిడ్డుకి వెళ్లిన యూనిట్ వృథా పోలేదు, రాత్రి ఏసీకి అదే తిరిగొచ్చింది. నెలకి 225 యూనిట్లు దాటాక స్లాబు రేటు (వాడకం పెరిగేకొద్దీ పెరిగే యూనిట్ ధర) 8.75 రూపాయలు కాబట్టి, అంత వాడే ఇంట్లో అలా సర్దుబాటైన పై యూనిట్ల విలువ కూడా అంతే. ఇంపోర్ట్ కంటే ఎక్స్‌పోర్ట్ పెరిగిపోతేనే అది నిజమైన మిగులు, దానికి కరెంటు కంపెనీ ఇచ్చే ధర మాత్రం ఆ పై స్లాబు రేటుకి దరిదాపుల్లో ఉండదు. వేసవిలో ఏసీలు తినేస్తాయి కాబట్టి మన దగ్గర ఈ మిగులు ఎక్కువగా కార్తీకం నుంచి శివరాత్రి దాకా కనిపిస్తుంది.

అందుకే బిల్లు తగ్గించుకోవడానికి బ్యాటరీ కొంటానంటే నేను వద్దనే అంటాను. గ్రిడ్డు ఉచితంగా దాచిపెడుతున్న కరెంటుకి మనం వేలు పోసి డబ్బా కొనడం ఎందుకు? పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీలో నింపి తీసేసరికి దాదాపు ఐదో వంతు పోతుంది. లిథియంలో నష్టం తక్కువే కానీ ధర ఎక్కువ.

నిజంగా మిగిలేదాన్ని పెట్రోలు మీద, గ్యాసు మీద తిప్పండి, లాభం అక్కడుంది. ఎలక్ట్రిక్ స్కూటర్‌కి మూడున్నర యూనిట్లు ఎక్కిస్తే సుమారు వంద కిలోమీటర్లు వస్తుంది, అదే దూరం పెట్రోలు బండి మీద తిరిగితే రెండు లీటర్లు, అంటే రెండు వందల పైమాటే. రాజాం నుంచి చీపురుపల్లి రోజూ తిరిగేవాళ్లకి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు. గ్యాసు సంగతి కూడా చూడండి: ఒక సిలిండర్ చేసే వంట ఇండక్షన్ పొయ్యి మీద చెయ్యడానికి 110, 120 యూనిట్లు పడుతుంది, సిలిండర్ 900 అనుకుంటే యూనిట్‌కి ఏడున్నర, ఎనిమిది రూపాయలు మిగిలినట్టే. స్కూటర్‌తో పోలిస్తే తక్కువే, కానీ మిగులుకి గ్రిడ్డు ఇచ్చేదానికంటే బాగా ఎక్కువ. మోటారు, గ్రైండరు, వాషింగ్ మెషిన్ పగలే వేసుకోండి, మంచిదే, కానీ నెట్ మీటరు ఉన్న ఇంట్లో దానివల్ల బిల్లులో పెద్ద తేడా రాదు, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

ఇంతవరకూ లెక్క డబ్బుది. తుపాను లెక్క వేరు, శ్రీకాకుళం తీరం వైపు ఉద్దానం వాళ్లయితే ఇది తప్పకుండా చదవాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక స్తంభాలు నేలకూలి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు మేడ మీద ఎండ దంచేస్తున్నా గ్రిడ్డుకి కలిపిన మామూలు (ఆన్‌గ్రిడ్) సోలార్ ఒక్క బల్బు కూడా వెలిగించదు. లైనులో కరెంటు లేదని తెలియగానే, ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. తీగ బాగుచేస్తున్న లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగలకూడదని అలా పెట్టారు, అది న్యాయమే. చాలామందికి ఈ సంగతి పెట్టించుకున్నాక తెలుస్తోంది, అమ్మేవాళ్లు ముందే చెప్పాలి.

కాబట్టి కవిటి, సోంపేట, మందస వైపు బ్యాటరీ ఉండాల్సిందే, కానీ చిన్నది. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ సామర్థ్యపు కొలత) 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం వరకే వాడుకున్నా 900 వాట్ అవర్లు, అంటే దాదాపు ఒక యూనిట్, దొరుకుతాయి. తక్కువ కరెంటు తినే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, మూడు ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జింగ్ కలిపి వంద వాట్లు అనుకుంటే రాత్రంతా గడిచిపోతుంది. అయితే బ్యాటరీ కొంటే సరిపోదు, పగలు ప్యానెల్ నుంచి అది మళ్లీ నిండాలంటే లైను లేనప్పుడూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. కొత్తగా పెట్టించుకునేవాళ్లు ఆర్డర్ ఇచ్చే ముందే అది అడగండి, ఫ్యాన్లకీ లైట్లకీ వేరే లైను లాగించుకోండి, గీజరు, ఏసీ మాత్రం ఆ లైను మీద పెట్టొద్దు.