నిజాం ఓడరేవు, ఖమ్మం కుర్రాడి ఆనకట్ట: దేశాల ఆటలో నా ఎనిమిదేళ్లు

రాత్రి రెండున్నరకి ఫోన్ వెలిగింది. "1948 ఏప్రిల్‌కి మీరు పెట్టిన ఎత్తు కొట్టేశాం. గోవా ఓడరేవు ఒప్పందం నమ్మశక్యంగా లేదు. మాడ్ నిర్ణయమే ఆఖరు." అంతే. మాడ్ అంటే మోడరేటర్, ఆటలో తీర్పు చెప్పేవాడు. పదకొండు రోజులు కూర్చుని రాసిన ఎత్తు అది. లాక్‌డౌన్ రోజులు కదా, ఆఫీసు, ఇల్లు, నిజాం దర్బారు మూడూ ఒకే మంచం మీద నడిచేవి. ఇక నిద్రేం పడుతుంది!

ఈ ఆటలు తెలియని వాళ్లకి రెండు ముక్కలు చెబుతాను. ఒక దేశం తీసుకుంటారు. దాని ప్రభుత్వంగా మారి చట్టాలు, ఉత్తరాలు, యుద్ధ ప్రకటనలు, పత్రికా ప్రకటనలు రాస్తారు. అవతలి దేశం నడిపేవాడు వాటికి జవాబు రాస్తాడు. బొమ్మలు కదలవు, తుపాకులు పేలవు, రాయడమే ఆట. నేను 2017 నుంచి ఆడుతున్నాను. నేషన్‌స్టేట్స్ అనే సైట్‌లో ఎనిమిదేళ్లు, డిస్కార్డ్ అనే చాట్ యాప్ సర్వర్లలో (అంటే గ్రూపుల్లో) అయిదేళ్లు. ఆటగాడిగా తిట్టాను, మాడ్‌గా తిట్లు తిన్నాను. కాబట్టి రెండు వైపులా కొంచెం తెలుసు.

ముందు నేషన్‌స్టేట్స్ సంగతి. ఆస్ట్రేలియా రచయిత మ్యాక్స్ బ్యారీ 2002 నవంబర్‌లో తన నవల ప్రచారం కోసం పెట్టిన ఆట ఇది. ఇప్పటికీ నడుస్తోంది, ఆడటానికి పైసా ఖర్చు లేదు. దేశం పెట్టగానే 50 లక్షల జనం ఇస్తారు. జాతీయ జంతువు, కరెన్సీ, నినాదం మన ఇష్టం. నా దేశం పేరు వేంగి, జంతువు ఒంగోలు గిత్త, కరెన్సీ వరహా. రోజూ కొన్ని సమస్యలు వస్తాయి, ఒక్కోదానికి మంత్రులు తలో సలహా ఇస్తారు, మనం ఒకటి ఎంచుకుంటాం. ఆ సమస్యల మధ్యలో మన జంతువు పేరు వచ్చి పడుతుంటుంది. పార్లమెంటులోకి ఒంగోలు గిత్త దూరిన రోజు మా హాస్టల్ గదిలో నలుగురం పొట్ట పట్టుకుని నవ్వాం. వేంగి జనాభా ఇప్పుడు 1,200 కోట్లు దాటింది. భూమ్మీద ఉన్న జనం కంటే ఎక్కువ. వాళ్లకి తిండి ఎక్కణ్నుంచి వస్తోందని అడక్కండి.

28 రోజులు లాగిన్ కాకపోతే దేశం మాయమవుతుంది. సెలవు మోడ్ పెట్టుకుంటే 60 రోజుల దాకా ఆగుతుంది. ఎంతమందికైనా ఎన్ని దేశాలైనా ఉండొచ్చు గానీ, దేశాలు ఓట్లేసే ప్రపంచ సభలో మాత్రం మనిషికి ఒక్క దేశమే. దొంగ ఓట్లు వేస్తే మాడ్స్ సభ నుంచి గెంటేస్తారు. ఆ సభకి మొదట్లో ఐక్యరాజ్యసమితి అనే పేరే ఉండేది. 2008లో అసలు ఐక్యరాజ్యసమితి నుంచి మా పేరు, చిహ్నం వాడొద్దని నోటీసు వచ్చింది. దాంతో ఆ ఏడాది ఏప్రిల్ 1న పేరు మార్చారు. ఎంత పెద్ద మాడ్‌కైనా పైన ఇంకో మాడ్ ఉంటాడన్నమాట.

మాడ్స్‌కీ ఆటగాళ్లకీ గొడవలు ఎలా పుడతాయో, ఎలా తగ్గుతాయో అర్థం కావాలంటే ఇక్కడి దాడుల చరిత్ర చూడాలి. దేశాలన్నీ రీజియన్లు అనే గుంపుల్లో ఉంటాయి. రీజియన్‌లో ఎక్కువ మద్దతులున్న సభ్యుడు ప్రతినిధి అవుతాడు. దాడి ముఠాలు సరిగ్గా సైట్ లెక్కలు మార్చే అప్‌డేట్ వేళకి గుంపుగా వచ్చి, ఒకరికొకరు మద్దతిచ్చుకుని, ఆ కుర్చీ లాక్కుంటాయి. వెంటనే జెండా మారుస్తారు, పరిచయం చెరిపేస్తారు, కొన్నిసార్లు పాతవాళ్లని బయటికి తోసేస్తారు. పాపం ఆ పాతవాళ్లు మాడ్స్ దగ్గరికి పరిగెడతారు. "అది ఆటలో భాగమే" అన్న జవాబు వస్తుంది. తొలిసారి విన్నప్పుడు ఒళ్లు మండుతుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ఊరివాళ్లందరినీ తరిమేస్తే అది తప్పు, మాడ్స్ జోక్యం చేసుకోవాలి అన్న నియమం ఉండేది. వినడానికి ధర్మంగానే ఉంది. కానీ ఊరివాడెవడు, వలసొచ్చినవాడెవడు? మూడు నెలల క్రితం వచ్చినవాడు ఊరివాడేనా? ప్రతి దాడికీ మాడ్స్ ఈ పంచాయితీ తేల్చాల్సి వచ్చేది. ఎటు తేల్చినా ఒక పక్షం "మాడ్ వాళ్ల మనిషి" అనేది. 2006లో ఆ పంచాయితీ ఎత్తేసి పలుకుబడి అనే లెక్క తెచ్చారు. రీజియన్‌లో ఉన్నకొద్దీ, మద్దతులు పెరిగినకొద్దీ పలుకుబడి పోగవుతుంది. ఎవరినైనా తోసేయాలంటే అది ఖర్చవుతుంది. పాతకాపుని తోయడం ఖరీదు, నిన్న వచ్చినవాణ్ని తోయడం చవక. తీర్పు చెప్పే మనిషి పోయి కూడికలు తీసివేతలు మిగిలాయి. అంకెను తిడితే మజా ఉండదు కదా, మాడ్స్ మీద ఆ ఒక్క కేక తగ్గింది.

నేనూ ఏడాదిపాటు ఈ దాడులని అడ్డుకునే రక్షక ముఠాలో తిరిగాను. పెద్ద అప్‌డేట్ అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి మొదలవుతుంది. మనకి వేసవిలో పొద్దున తొమ్మిదిన్నర, వాళ్లు గడియారాలు మార్చుకున్నాక పదిన్నర. కాలేజీలో సరిగ్గా థర్మోడైనమిక్స్ క్లాసు. బెంచీ కింద ఫోన్ పెట్టుకుని, "ఇప్పుడు దూకు" అన్న మెసేజ్ కోసం చూస్తూ ఎంట్రోపీ అంటే ఏంటో ఈ రోజుకీ తెలియకుండా పాసయ్యాను.

ఇక రాసే ఆటలో, అంటే కథగా నడిపే యుద్ధాల్లో, ఇక్కడి మాడ్స్ ఎవరు గెలిచారో చెప్పరు. అది ఆటగాళ్లు మాట్లాడుకుని తేల్చుకోవాలి. కథ మొదలుపెట్టినవాడిదే ఆ కథలో పెత్తనం, ఎవరిని రానివ్వాలో అతనే చెబుతాడు. పక్కవాడు "నా క్షిపణి నీ దేశం మొత్తాన్ని కాల్చేసింది, నువ్వేం చేయలేవు" అని రాస్తే దాన్ని గాడ్‌మోడింగ్ అంటారు. దానికి మందు పట్టించుకోకపోవడమే. నీ లోకంలో ఆ క్షిపణి లేదు, అంతే. మాడ్ చూసేది బూతులు, వేధింపులు, దొంగ ఖాతాలు. మొదట్లో ఇది నాకు చప్పగా అనిపించింది. అంపైర్ లేని క్రికెట్ ఏం క్రికెట్ అని డిస్కార్డ్‌కి వెళ్లాను. అక్కడ అంపైర్ ఉన్నాడు, కాకపోతే బ్యాటింగ్ కూడా చేస్తున్నాడు.

ఆ సర్వర్ పేరు చెప్పను. ముప్ఫై మంది దాకా ఉండేవాళ్లం, ఆట 1947 చివర్లో మొదలు. నేను హైదరాబాద్ సంస్థానం అడిగాను. (మా నల్గొండ తాత బతికుంటే నిజాం తరఫున ఆడతావురా అని కర్ర తీసేవాడు. అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.) ఆటగా చూస్తే మాత్రం దానంత చిక్కుముడి దొరకదు. 82 వేల చదరపు మైళ్లు, కోటీ అరవై లక్షల జనం, చుట్టూ భారతదేశం, ఎక్కడా సముద్రం లేదు. నవంబర్ 29న కుదిరిన యథాతథ ఒప్పందం వల్ల ఏడాది టైముంది. లోపల రజాకార్లు, పల్లెల్లో సాయుధ పోరాటం. నా ప్లాను రజాకార్లని అణిచి, ఎన్నికలు పెట్టి, భారత్‌తో బేరమాడటం. బేరానికి బలం కావాలంటే రేవు కావాలి. అందుకే పోర్చుగల్‌తో గోవా రేవు వాడకం కోసం మంతనాలు రాశాను.

అదే "నమ్మశక్యంగా లేదు" అని కొట్టేశారు. నిజాం ప్రభుత్వం గోవా కోసం పోర్చుగల్‌తో నిజంగానే మంతనాలు జరిపింది. విలీనం మీద వచ్చిన పుస్తకాల్లో ఆ సంగతి ఉంటుంది. కరాచీ నుంచి సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ విమానాల్లో దొంగచాటుగా తుపాకులు దించాడంటే ఇంకెవరూ నమ్మరేమో, అది కూడా చరిత్రే. ఇవన్నీ తీర్పుల ఛానెల్లో నాలుగు మెసేజ్‌లుగా పెట్టాను. జవాబుగా 24 గంటల మ్యూట్ వచ్చింది. కారణం: మాడ్‌తో వాదన.

తీర్పు ఇచ్చిన మాడ్ ఆటలో ఏ దేశమో ఊహించారా? భారతదేశం. నేను మ్యూట్‌లో ఉండగానే ఆయన సైన్యం షోలాపూర్ వైపు నుంచీ, బెజవాడ వైపు నుంచీ కదిలింది. 24 గంటల్లో జవాబు రాయకపోతే దాడి చేసినవాడిదే గెలుపని రూలు. నోరు నొక్కేసినవాడు జవాబెలా రాస్తాడని ఎవరూ అడగలేదు. అసలు పోలీసు చర్య 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా అయిదు రోజులు నడిచింది. మా సర్వర్‌లో ఒక్క మ్యూట్ సరిపోయింది.

అప్పీల్ టికెట్ పెట్టాను. అది ఇంకో మాడ్‌కి వెళ్లింది. ఆయన పాకిస్తాన్. "నీ బాధ అర్థమైంది, కానీ తోటి మాడ్ మాటని కాదనలేను" అన్నాడు. బయటికి వచ్చేశాను.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ ఎత్తులో గోవా రేవుతో పాటు నలభై యుద్ధ విమానాలు కూడా ఇరికించాను. డబ్బెక్కడిది, పైలట్లెక్కడివి, ఒక్క వాక్యం రాయలేదు. రేవుకి బదులు వాటిని కొట్టేసి ఉంటే నోరెత్తేవాణ్ని కాదు. ఆ మాడ్ కూడా చదువుకునే కుర్రాడే. ముప్ఫై దేశాల ఎత్తులు ఉచితంగా చదువుతున్నాడు, దక్కన్ గురించి అతనికి తెలిసింది మ్యాప్ మీద రంగు మాత్రమే. పైగా విదేశాల వాళ్లు మనం పడుకున్నాక వాదిస్తారు, మనం లేచేసరికి వాళ్లు పడుకుంటారు. సగం గొడవలు గడియారం పెట్టేవే.

2021లో నాలాగే బయటికొచ్చిన కొందరం కలిసి సొంత సర్వర్ పెట్టాం. పదమూడు మందిమి, సగం తెలుగువాళ్లం. ఒకడు గుంటూరు, ఒకడు డల్లస్‌లో ఎంఎస్, ఒకడు ఖమ్మంలో టెన్త్ క్లాసు. చరిత్ర తగాదాలు వద్దని ఊహాలోకం గీసుకున్నాం. నేను మాడ్‌ని. ఈసారి అంతా న్యాయంగా ఉంటుందని ప్రకటన కూడా రాశాను, ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

ఖమ్మం కుర్రాడి దేశం పేరు మున్నేరు. మా ఇద్దరి మధ్య ఒకే నది, పైన వాడు, కింద నేను. మూడో నెలలో వాడు నది మీద ఆనకట్ట కట్టేశానని రాశాడు. రెండే రెండు ఎత్తుల్లో. నేను మాడ్ టోపీ పెట్టుకుని కొట్టేశాను. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన చేస్తే కాలువలకి నీళ్లు వదిలేసరికి 1967 అయింది, నీకు రెండు ఎత్తుల్లో ఎలా అవుతుందని పెద్ద పాఠం పెట్టాను. లెక్కకి లెక్క సరిగ్గానే ఉంది. ఆ రాత్రి వాడి దగ్గర్నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. "అన్నా, డల్లస్ అన్న రెండు ఎత్తుల్లో రైల్వే లైను వేస్తే ఏమనలేదు. మీ దేశం కింద లేకపోతే కూడా ఇదే చెప్పేవారా?"

మూడు రోజులు జవాబు ఇవ్వలేదు. టైప్ చేయడం, చెరిపేయడం. ఆ రైల్వే లైను నా దేశానికి సరుకు తెచ్చేది మరి.

నాలుగో రోజు నా తీర్పు వెనక్కి తీసుకుని రూలు మార్చాం. మాడ్ తన దేశం గానీ, తన సరిహద్దు దేశాలు గానీ ఉన్న విషయంలో తీర్పు చెప్పకూడదు. ఆ విషయం మరో ఇద్దరికి పోతుంది, వాళ్లూ తేల్చలేకపోతే పాచికలు వేస్తారు. తీర్పు నడుస్తుండగా మ్యూట్ పడితే గడువు ఆగుతుంది. పెద్ద కట్టడాలకి ఎన్ని ఎత్తులు పడతాయో ముందే పట్టిక రాసి పెట్టాం. పట్టిక రాయడానికి రెండు వారాంతాలు పట్టింది. ఆ తర్వాత తిట్లు పూర్తిగా ఆగలేదు గానీ, తిట్లన్నీ పట్టిక మీదికి పోయాయి. ఒక ఆటగాడు మాత్రం "ఇంత లెక్కలైతే ట్యాలీ చేసుకోవచ్చు" అని వెళ్లిపోయాడు. అతని మాటలోనూ తప్పులేదు, కొంత మజా పోయింది.

ఆడాలనుకునేవాళ్లకి నా సలహా. రోజుకి పది నిమిషాలు చాలనుకుంటే నేషన్‌స్టేట్స్ సరిపోతుంది. అయిదుకి నాలుగు ఇస్తాను. రూపం పాతకాలం వెబ్‌సైట్‌లా ఉంటుంది, ఇంగ్లీషు బాగా రావాలి, సమస్యల్లో వెటకారం పాశ్చాత్య రాజకీయాల చుట్టూ తిరుగుతుంది కాబట్టి కొన్ని జోకులు మనకి అంటవు. డిస్కార్డ్ సర్వర్లకి మొత్తంగా మార్కులు వేయలేను, ఒక్కోటి ఒక్కో సంస్థానం. చేరే ముందు దేశం ఎంచుకోవద్దు, తీర్పుల ఛానెల్ వెనక్కి ఒక నెల చదవండి. ఏ మాడ్ ఏ దేశమో కాగితం మీద రాసుకోండి. తీర్పుల్లో ఆ దేశం ఎన్నిసార్లు ఓడిందో చూడండి. ఒక్కసారి కూడా ఓడకపోతే ఇక మీ ఇష్టం. పిల్లలు ఆడితే మాత్రం రాత్రిళ్లు చూసుకోవాలి, మ్యూట్ పడిన పద్నాలుగేళ్లవాడు అన్నం మానేయడం నేను చూశాను.

మున్నేరు ఆనకట్ట చివరికి పట్టిక ప్రకారం ఆరు ఎత్తుల్లో పూర్తయింది. నా డెల్టాలో మూడో పంట పోయింది. ఆ కుర్రాడు ఇప్పుడు బీటెక్‌లో ఉన్నాడు. గత వారం వాడి జలవనరుల మంత్రికి ఉత్తరం రాశాను, కనీసం నారుమళ్లకైనా పది రోజులు గేట్లు ఎత్తమని. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక చూస్తానన్నాడు.