పూలింగ్‌కి ఇవ్వాలా, భూసేకరణ దాకా ఆగాలా: ఏది మేలు?

ఈ మధ్య ఏ పెళ్లికెళ్లినా, ఏ ఫోనెత్తినా ఇదే ప్రశ్న. రాజధాని అమరావతికి రెండో విడత భూమి అనేసరికి పెదపరిమి బాబాయ్ అడిగాడు, వడ్డమాను అత్తయ్య అడిగింది, హైదరాబాద్ అవతల రీజినల్ రింగ్ రోడ్డు సర్వేలో పొలం పోతున్న మా స్నేహితుడి నాన్నగారూ అడిగారు. పూలింగ్‌కి (భూమి ప్రభుత్వానికి ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకోవడం) సంతకం పెట్టేయాలా, సేకరణ (చట్టప్రకారం డబ్బిచ్చి భూమి తీసుకోవడం) నోటీసు వచ్చేదాకా ఆగాలా అని. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పేటప్పుడు ఏదో ఒక ముఖ్యమైన ముక్క మర్చిపోతున్నాను, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా.

నేనెక్కడ నిలబడి మాట్లాడుతున్నానో ముందే చెప్తాను. మా నాన్న 2015లో తుళ్లూరు మండలంలో రెండెకరాల మెట్ట పూలింగ్‌కి ఇచ్చారు. మా మేనమామది పెనుమాకలో ఎకరం పది సెంట్ల జరీబు (నది పక్కన, నీళ్లకి లోటులేని భూమి), ఆయన ఇవ్వలేదు. పదేళ్లుగా రెండిళ్లలో ఏం జరిగిందో చూస్తూనే ఉన్నాను.

పూలింగ్ లెక్క ఇదీ. మొదటి విడతలో ఎకరం మెట్టకి 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు. జరీబుకి 1,000, 450. పదేళ్ల పాటు ప్రభుత్వమిచ్చే కౌలు: మెట్టకి ఏడాదికి 30,000తో మొదలై ఏటా 3,000 పెరుగుతుంది, జరీబుకి 50,000తో మొదలై 5,000 పెరుగుతుంది. కూడితే పదేళ్లకి మెట్ట ఎకరానికి 4 లక్షల 35 వేలు, జరీబుకి 7 లక్షల 25 వేలు. మా నాన్న మెట్టలో పత్తి, మిర్చి వేసేవారు, ఒక ఏడాది మిగిలితే రెండేళ్లు అప్పు. ఆయనకి ఆ కౌలు నిజంగానే నయం అనిపించింది, అందులో తప్పు లేదు. మావయ్య పొలంలో అరటి, పసుపు, కంద, మధ్యలో కూరగాయలు, ఏడాది పొడుగునా ఏదో ఒకటి చేతికొస్తుంది. ఆ భూమికి ఏడాదికి 50 వేలంటే ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కాబట్టి మెట్టకి ఒక జవాబు, జరీబుకి ఒక జవాబు. అందరికీ ఒకటే అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

సేకరణ అంటే 2013 భూసేకరణ చట్టం. ఇందులో రైతుకి ముఖ్యంగా వచ్చేది ప్లాటు కాదు, డబ్బు. గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజులు తీసుకుని సగటు కడతారు, అది గానీ రిజిస్ట్రేషన్ శాఖ విలువ గానీ ఏది ఎక్కువైతే అది. పల్లె భూమి అయితే దాన్ని 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన అంకెతో గుణిస్తారు, ఆ మొత్తానికి సమానంగా సొలేషియం (భూమి పోతున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) కలుపుతారు. సగటు ఎకరం 20 లక్షలు, గుణకం 1.25 అనుకుందాం: 25 లక్షలు, సొలేషియంతో 50. చెట్లు, బోర్లు, షెడ్లు ఉంటే వాటి విలువ కూడా సొలేషియం కట్టకముందే కలుస్తుంది. దీనికి తోడు మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చొప్పున అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) వచ్చేదాకా అదనం.

ఇక్కడ రెండు గోతులున్నాయి, ఈ రెంటి గురించీ ఊళ్లో ఎవరూ మాట్లాడరు. మొదటిది మనం తవ్వుకున్నదే. స్టాంపు డ్యూటీ తగ్గుతుందని కోటికి కొన్న పొలాన్ని కాగితం మీద 20 లక్షలకి రాయించుకున్నాం కదా, ఆ సగటు ఆ కాగితాల మీదే కడతారు. రెండోది, ఊరిని మున్సిపాలిటీలో కలిపేస్తే అది పట్టణం అవుతుంది, పట్టణానికి గుణకం 1 మాత్రమే. పైన చెప్పిన ఉదాహరణలో 50 లక్షలు కాస్తా 40 అవుతుంది, పొలం అదే, రైతూ అదే. 2024లో హైదరాబాద్ చుట్టూ 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. పంచాయతీ విలీనం అనగానే ఇంటి పన్ను పెరుగుతుందని గొడవ పడతాం గానీ, భూమి ఉన్నవాళ్లు ముందు ఆలోచించాల్సింది ఈ గుణకం గురించి.

ఇంతవరకు చూస్తే పూలింగే మేలు అనిపిస్తుంది, ఎందుకంటే రాజధాని నిలబడితే 1,250 గజాల విలువ ఏ అవార్డుకీ అందదు. నిజమే. కానీ నాకు తేల్చే విషయం ధర కాదు. ఆలస్యమైతే ఆ భారం ఎవరి నెత్తిన పడుతుంది అన్నది.

సేకరణలో గడియారం ప్రభుత్వం మీద నడుస్తుంది. ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చిన ఏడాదిలోపు డిక్లరేషన్ (ఈ భూమి తీసుకుంటున్నామన్న తుది ప్రకటన) ఇవ్వాలి, గడువు పెంచుకోకపోతే నోటిఫికేషన్ రద్దయినట్టే. డిక్లరేషన్ తర్వాత మరో ఏడాదిలోపు అవార్డు రావాలి. పరిహారం పూర్తిగా ఇచ్చాకే భూమి స్వాధీనం చేసుకోవాలి, ముందే తీసుకుంటే మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ కట్టాలి. ఇదంతా జరిగేదాకా మీరు పొలంలోనే ఉంటారు, నాట్లు వేస్తారు, కోస్తారు. 2017లో పెనుమాకకి సేకరణ నోటిఫికేషన్ వచ్చినప్పుడు రైతులు హైకోర్టుకెళ్లారు. మా మావయ్య ఆ ఏడాదీ పసుపు తీశాడు, మర్నాటి ఏడాదీ తీశాడు.

పూలింగ్‌లో గడియారం రైతు మీద నడుస్తుంది. సంతకం పెట్టి భూమి అప్పగించాక చేతిలో మిగిలేది ఒక ఒప్పందం, తర్వాత లాటరీలో వచ్చిన ప్లాటు నంబరు. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు, 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది, 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ రోజు నుంచి మా ఊళ్ల ఆడవాళ్లు టెంట్లలో కూర్చున్నారు, 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుపతికి నడిచారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల పక్షాన తీర్పిచ్చింది, రోడ్డు, నీళ్లు, కరెంటు, డ్రైనేజీతో అభివృద్ధి చేసిన ప్లాట్లు మూడు నెలల్లో రైతులకి అప్పగించాలని చెప్పింది. ఆ తీర్పుకి ఆధారం రైతులు చేసుకున్న ఆ ఒప్పందమూ, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టమూనే, కాబట్టి పూలింగ్ కాగితానికి విలువ లేదని నేననను. కానీ గడువుల మీద సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో స్టే ఇచ్చింది, పనులు మళ్లీ మొదలయ్యే సభ 2025 మే 2న జరిగింది. పదేళ్లు. 58 ఏళ్లకి సంతకం పెట్టిన మనిషికి 68 వచ్చాయి. మా నాన్నకి ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది, లేచి వరండాలో కూర్చుంటారు, వెళ్లడానికి పొలం లేదు.

దీనికి జోడించాల్సింది ఇంకొకటుంది, నా మనసులో ఎక్కువగా మెదిలేది ఇదే. మా పొలం పదకొండేళ్లు కౌలుకి చేసిన మనిషికి సెంటు భూమి లేదు. పూలింగ్‌లో ఆయనకి దక్కింది భూమిలేని పేదల పింఛను, మొదట్లో నెలకి 2,500. అదే 2013 చట్టం కింద అయితే మూడేళ్లు ముందునుంచీ ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారు, కూలీ కూడా బాధిత కుటుంబమే. ఉద్యోగమో, ఒకేసారి 5 లక్షలో, ఇరవయ్యేళ్లు నెలకి 2,000కి తక్కువ కాకుండానో అడిగే హక్కు ఉంది. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2018లో చట్టానికి సవరణలు చేసుకుని కొన్ని ప్రాజెక్టులకి సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేదన్నాయి, దాంతో ఆ ప్రాజెక్టుల్లో ఎవరెవరికి దెబ్బ తగులుతుందో ముందే అంచనా వేసే మెట్టు పోయింది. అయినా రాతలో పేరుంటే అడగొచ్చు. పూలింగ్ బల్ల ముందు కౌలుదారుకి కుర్చీ లేదు.

రియల్టర్‌కి నేరుగా అమ్మేయడం మూడో దారి. మొత్తం సొమ్ము రిజిస్ట్రేషన్ రోజే చేతికొస్తే సరే, టోకెన్ అడ్వాన్సు ఇచ్చి ఏడాది అగ్రిమెంటు రాయించుకుంటామంటే వద్దు. టీడీఆర్ బాండ్లు (పోయిన స్థలానికి బదులు అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే పత్రాలు) రోడ్డు వెడల్పులో గోడో అరుగో పోయినవాళ్లకి పనికొస్తాయి, ఎకరాలు పోయేవాళ్లకి కాదు.

అసలు భూమి ఇవ్వం అంటే కుదరదా అని అత్తయ్య అడిగింది. కుదిరిన చోట్లున్నాయి. 2022లో వరంగల్ చుట్టూ 27 గ్రామాల్లో 21 వేలకు పైగా ఎకరాల పూలింగ్ జీవోని రైతులు రోడ్డెక్కి వెనక్కి తీయించారు. లగచర్లలో 2024 నవంబరులో ఫార్మా భూసేకరణ మీద గొడవై మనుషులు జైలుకెళ్లారు, ఆ నెలాఖరుకి ఆ ఫార్మా నోటిఫికేషన్ రద్దయింది. బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో 13 గ్రామాల వాళ్లు మూడేళ్లకు పైగా ధర్నాలో కూర్చుంటే 2025 జులైలో 1,777 ఎకరాల సేకరణ వదిలేశారు. ఇవన్నీ ఊరంతా ఒక్కమాట మీద ఉన్నచోట జరిగినవే. సగం ఊరు సంతకం పెట్టాక మిగతా సగం ఒంటరి అవుతుంది, చుట్టూ రోడ్లు వేసేస్తే మధ్యలో పొలానికి కాలవ నీళ్లు కూడా రావు.

నన్ను అడిగితే, జరీబు అయినా, రెండెకరాల లోపు అయినా, ఇంట్లో నెల జీతం లేకపోయినా పూలింగ్ వద్దు, 2013 చట్టం మీద నిలబడండి. ఐదారెకరాల మెట్ట ఉండి, పిల్లలు ఉద్యోగాల్లో ఉండి, పదిహేనేళ్లు ఆగగలిగితే సగం పూలింగ్‌కి ఇవ్వండి. మొత్తం మాత్రం ఇవ్వకండి.

బాబాయ్, మీకు విడిగా: గ్రామసభకి ముందే అడంగల్‌లో విస్తీర్ణం, పంట, బోరు సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకో. మన కౌలు రైతుకి సాగుదారు కార్డు ఈ సీజన్‌లోనే చేయించు, తర్వాత ఎవరూ చేయరు. అభ్యంతరం నోటితో చెప్పి రాకు, నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోపు రాసి ఇచ్చి, స్టాంపు వేసిన నకలు తెచ్చుకో. రేపు అవార్డు డబ్బు తీసుకోవాల్సి వస్తే 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసే సంతకం పెట్టు, ఆ మాట లేకపోతే పరిహారం పెంచమని అడిగే హక్కు పోతుంది. పాస్‌బుక్, ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) ఆదివారం తీసుకురా, నేను ఇంట్లోనే ఉంటాను.