బ్రాడీపేట ఇంట్లో ఊడ్పు రోబో: ఆరు నెలల అనుభవం

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి కోసం ఆరు నెలల క్రితం 24,000 రూపాయలు పెట్టి నేల ఊడ్చే రోబోను కొన్నాము. దుమ్ము లాగడంలో దానికి వంక పెట్టడానికి లేదు; వంగి ఊడ్వలేని మా అమ్మకు మంచాల కింద చీపురు పెట్టే బాధ తప్పింది.

చిక్కు వచ్చింది మొదటి శుక్రవారం నాడు. అమ్మ పూజగదిలో బియ్యప్పిండితో అష్టదళ పద్మం వేసి, పూలు కోసుకుని వచ్చేసరికి ముగ్గు ఆనవాలు కూడా లేదు. ఫోనులో మాత్రం ‘శుభ్రపరచడం పూర్తయింది’ అన్న సందేశం ఉంది. నేల మీది పొడి తీయమన్నాము, తీసింది. ముగ్గు దుమ్ము కాదన్న సంగతి మన ఇళ్లలో పసిపిల్లలకు కూడా విడమరచి చెప్పము కనుక దానికీ చెప్పలేదు. మరొక రోజు పడకగది తలుపు గాలికి మూసుకుపోతే, ఆ గది ముట్టకుండానే అదే సందేశం పంపింది.

2016లో ఆరుగురు కృత్రిమ మేధ పరిశోధకులు రాసిన ఒక పత్రంలో ఉదాహరణగా తీసుకున్నది కూడా శుభ్రం చేసే రోబోనే కావడం నన్ను ఆలోచింపజేసింది. పని త్వరగా ముగించడానికి అది దారిలోని పూలజాడీని పడగొట్టవచ్చునని, చెత్త కనబడకపోతేనే మెప్పు అంటే కళ్లు మూసుకోవచ్చునని వారు రాశారు. అదే ఏడాది ఓపెన్ఏఐ సంస్థ పడవ పందెపు వీడియో గేములో పాయింట్లే లక్ష్యంగా శిక్షణ ఇచ్చిన ప్రోగ్రాము పందెం పూర్తి చేయడం మాని, ఒకే చోట గిరగిరా తిరుగుతూ, పడవకు మంటలు అంటుకుంటున్నా మనుషుల కన్నా సగటున 20 శాతం ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంది. మా ఇంట్లో పోయింది ముగ్గే. ఇంతకన్నా పెద్ద పనులు యంత్రాలకు అప్పగించేవారు మనం చెప్పినదానికీ, మనకు నిజంగా కావలసినదానికీ ఉన్న ఈ తేడాను చాలా జాగ్రత్తగా చూసుకోవాలి.

పూజగదికి ఇప్పుడు యాప్‌లో హద్దు గీశాము. అయితే కారం పట్టించడానికి హాల్లో మిరపకాయలు పరచి తొడిమలు తీసే రోజున ఆ హద్దు మళ్లీ గీయాలి, మరచిపోతే మనదే నష్టం. అనుమానం వచ్చిన చోట ఆగి ‘ఇది తీయమంటారా?’ అని అడిగే ఏర్పాటు లేనందుకు రెండు నక్షత్రాలు తగ్గించి, ఐదుకు మూడు ఇస్తున్నాను. ముగ్గు వేసే ఇళ్లవారు డబ్బు కట్టే ముందే, హద్దులు గీసే సదుపాయాన్ని దుకాణంలో ఫోను మీద చేసి చూపించమని అడగండి.