వైజాగ్ ఉప్పుగాలికి ఏ పాత బండి మేలు? ఆర్‌ఎక్స్ 100, యెజ్డీ, కాస్ట్ ఐరన్ బుల్లెట్

పాత బండి కొందామనుకుంటున్నా, యమహా ఆర్‌ఎక్స్ 100 తీసుకోనా, యెజ్డీనా, బుల్లెట్టా అని అడిగేవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, నేను కాస్ట్ ఐరన్ బుల్లెట్ (పోత ఇనుము ఇంజన్ ఉన్న పాత రాయల్ ఎన్‌ఫీల్డ్) తీసుకున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఇంకాను. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తే నయం కదా అని ఇది. మూడూ నడిపినవాణ్ణే, మూడూ ఇష్టమే.

అందరూ ముందు పికప్ ఎలా ఉంటుంది, మైలేజ్ ఎంత, రేటెంత అని మొదలెడతారు. హైదరాబాద్‌లో ఉంటే నేనూ అక్కడి నుంచే మొదలెట్టేవాణ్ణి. వైజాగ్‌లో మాత్రం మొదటి ప్రశ్న తుప్పు. లాసన్స్ బే, పెద వాల్తేరు, ఎంవీపీ కాలనీ వైపు ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ గ్రిల్లులు ఏమవుతాయో చూస్తూనే ఉంటారు. అదే గాలిలో ముప్పై ఏళ్ళు నిలబడ్డ బండి లోపల ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇంజన్ బోరు చేయించొచ్చు, పిస్టన్ మార్చొచ్చు, వైరింగ్ మొత్తం కొత్తది వేయించొచ్చు, లోపల్నుంచి తినేసిన ఛాసిస్‌ని మాత్రం మళ్ళీ మామూలు చెయ్యడం ఎవరి తరమూ కాదు. అందుకే ఏ మోడల్ అనేదానికన్నా ముందు ఆ బండి ఇన్నాళ్ళూ ఎక్కడ బతికింది అని అడగండి. నంబరు ప్లేటు మీద ఏపీ 31 (పాత విశాఖ జిల్లా) అని ఉంటే సముద్రం పక్కనే ఉండాలని లేదు, నర్సీపట్నం బండికీ పాడేరు బండికీ అదే నంబరు, కాబట్టి ఇల్లెక్కడో అడగాలి. ఏపీ 35 (విజయనగరం), ఏపీ 30 (శ్రీకాకుళం) లోపలి ఊళ్ళ బళ్ళు దొరికితే ముందు అవి చూడండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బండి ఎక్కడుంది అని కూడా అడగండి, షెడ్డు రేకులు ఎగిరిపోయి ఆ గాలివానలో ఉండిపోయిన బళ్ళకి తర్వాత పైపైన రంగు కొట్టించి ఊరుకున్నవాళ్ళు ఉన్నారు.

చూడ్డం ఎలాగంటే, టాంకు మూత తీసి సెల్‌ఫోన్ లైటు వెయ్యండి. లోపల గోడలు బూడిదరంగులో ఉంటే బాగున్నట్టు. ఎర్రమట్టి రంగు కనపడితే పెట్రోల్ ట్యాపు దగ్గర పైపు తీసి గాజు సీసాలోకి కొంచెం వదిలి కాసేపు ఆగండి, అడుగున పొడి దిగిందంటే ఆ పొడి అంతా కార్బ్యురేటర్‌లోకే పోతోందన్నమాట. వెనక మడ్‌గార్డు లోపలివైపు వేళ్ళు పెట్టి తడమండి, పొరలు పొరలుగా ఊడి చేతికొస్తే ఇక బండి మీద మోజు తగ్గించుకోవచ్చు. బ్యాటరీ బాక్సు కింద, స్టాండు వెల్డింగు చుట్టూ, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని మోసే చేయి) పట్టుకునే చోట, చువ్వలు రిమ్ములోకి దిగే చోట కూడా చూడండి. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి, టాంకు మీద పెట్టగానే అంటుకోవాలి, జారిపోయిందంటే అక్కడ రేకు మీద మందంగా పుట్టీ పెట్టి రంగేశారు. కంచరపాలెంలో నేను బండి చూపించే పెద్దాయన ఒకటే అంటాడు, "ఏటి బాబూ, పైన రంగు చూసి కొనీడమేటి, దాని కిందకి దూరి చూడాల" అని. నిజంగానే దుప్పటి పరుచుకుని దాని కింద పడుకుని చూస్తాడాయన.

ఇప్పుడు ఈ లెక్కన మూడింటినీ చూద్దాం.

ఆర్‌ఎక్స్ 100. 1985 నుంచి 1996 దాకా వచ్చింది, 98 సీసీ టూ స్ట్రోక్, 11 హార్స్ పవర్, బరువు వంద కేజీల చిల్లర. ఆ బరువుకి ఆ పవర్ కాబట్టే ఇప్పటికీ సిగ్నల్ దగ్గర లేచిపోతుంది, ఆ సౌండ్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. తేలిక బండి, సన్న రేకు, క్రోమ్ ఎక్కువ. మడ్‌గార్డులు క్రోమ్, సైలెన్సర్ క్రోమ్, మన గాలికి ముందు చుక్కలు లేచేది అక్కడే. పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి గానీ అందులో డూప్లికేట్లే ఎక్కువ, ఒరిజినల్ సైలెన్సర్, ఒరిజినల్ బారెల్ (పిస్టన్ ఆడే సిలిండర్) ఉన్న బండి అంటే లక్ష దాటి అడుగుతున్నారు. ఆయిల్ పంపు పనిచేస్తోందా లేక పీకేసి టాంకులోనే టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలుపుతున్నారా అని తప్పకుండా అడగండి. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్ల పొగ వస్తూనే ఉంటే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) ఆయిల్ సీల్ పోయి గేరాయిల్ లోపలికి లాగేస్తుండొచ్చు.

యెజ్డీ. మైసూరు ఐడియల్ జావా వాళ్ళది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. 250 సీసీ టూ స్ట్రోక్, రెండు సైలెన్సర్లు, కిక్ రాడ్డే గేర్ రాడ్డు. ఆ ఒక్క రాడ్డుని లోపలికి నొక్కి పైకి తిప్పి కిక్ కొట్టి, మళ్ళీ ముందుకి తెచ్చి గేరు వెయ్యడంలో ఉన్న ముచ్చట ఇంకే బండిలోనూ లేదు. మన రోడ్ల మీద దీనంత గట్టి బండి తక్కువ, మెకానిజం కూడా సింపుల్. ఇబ్బందల్లా పార్టులు, ఇప్పుడు షోరూముల్లో యెజ్డీ పేరుతో అమ్మే కొత్త బళ్ళ సామాను దీనికి పనికిరాదు, పూర్తిగా వేరే ఇంజన్. పాత సామాను మైసూరు, బెంగళూరు నుంచి తెప్పించుకోవాలి, వచ్చేదాకా ఓపిక పట్టాలి.

ఈ రెండిటికీ ఉన్న ఒక ఇబ్బంది గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. టూ స్ట్రోక్‌లో క్రాంకుకి విడిగా ఆయిల్ నిల్వ ఉండదు, పెట్రోల్‌తో పాటు వెళ్ళే టూటీ ఆయిలే దాని బేరింగులకి ఆధారం. రోజూ తిప్పితే ఏ బాధా లేదు. పాత బండి కొనేవాళ్ళలో ఎక్కువమంది రోజూ తిప్పరు కదా, ఆదివారం తీస్తారు, వానాకాలం అస్సలు తియ్యరు, ఆ నెలా రెండు నెలల్లో మన తేమకి లోపల బేరింగుల మీద తుప్పు చుక్కలు లేస్తాయి. తర్వాత కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది, బాగానే నడుస్తుంది, కొన్నాళ్ళకి కిందనుంచి గరగర మొదలవుతుంది, ఇంజన్ విప్పాల్సిందే.

కాస్ట్ ఐరన్ బుల్లెట్ నేను ఎంచుకోడానికి కారణం ఇదే. దాని ఆయిల్ ఎప్పుడూ ఇంజన్‌లోనే ఉంటుంది, బండి నిలబెట్టినా మెల్లగా జారి క్రాంకు చుట్టూ చేరుతుంది. 346 సీసీ, 18 హార్స్ పవర్, 160 కేజీల పైమాటే, ఆ బరువంతా మందపు రేకూ ఇనుమూనే. బారెల్ పైన తుప్పు రంగు కనిపిస్తే భయపడకండి, అది పోత ఇనుము కాబట్టి పైపైన అలా అవుతుంది, వైరు బ్రష్‌తో గీకి వేడికి తట్టుకునే నల్ల రంగు కొడితే చాలు. మడ్‌గార్డులు చాలా బళ్ళకి రంగువే కాబట్టి మళ్ళీ కొట్టించుకోవచ్చు. పార్టుల సంగతి అడగనే అక్కర్లేదు, ఈ ఇంజన్ ఇంచుమించు 2010 దాకా వచ్చింది. కొనేముందు బాగా వేడెక్కనిచ్చి కిందనుంచి టక్ టక్ వస్తోందేమో వినండి, బిగ్ ఎండ్ (క్రాంకు దగ్గరి పెద్ద బేరింగు) పోతే ఖర్చు గట్టిగానే ఉంటుంది. బ్రేకులు అంతంతమాత్రం, ఇది ముందే మనసులో పెట్టుకోండి.

రాజ్‌దూత్ 350 గురించి అడుగుతారు, అద్భుతమైన బండి, రేటూ పెట్రోలూ పార్టులూ ఏదీ మామూలు మనిషికి అందదు. కవాసాకీ బజాజ్ కేబీ 100, హీరో హోండా సీడీ 100 మంచివే, దొరికితే చూడండి, అంతే.

ఇక కాగితాలు. ఆర్‌సీ 15 ఏళ్ళు, తర్వాత 5 ఏళ్ళకోసారి రెన్యువల్. ఇరవై ఏళ్ళు దాటిన మోటార్ సైకిల్‌కి ఆ ఫీజు 2025లో 2000 రూపాయలు చేశారు. రెన్యువల్‌కి బండి తీసుకెళ్తే ఛాసిస్ నంబరు చూస్తారు, ఇక్కడ మళ్ళీ తుప్పే. హ్యాండిల్ కింద కొట్టిన అంకెలు తినేసి ఉంటే, లేదా రంగు మీద రంగు కొట్టి పూడిపోతే, ఎంత మంచి ఇంజనైనా ఆఫీసు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. బేరం ఆడేముందే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, ప్రతి అంకె విడివిడిగా పడాలి, ఆర్‌సీతో సరిపోవాలి. ఆర్‌సీలో పేరున్నాయన చనిపోయి ఉంటే వారసుల పేరు మీదకి మారాకే డబ్బులివ్వండి. 50 ఏళ్ళు దాటిన బండికి 2021 నుంచి వీఏ సిరీస్‌తో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20000, పైగా అలా చేయించిన బండిని మామూలుగా రోడ్ల మీద తిప్పడానికి లేదు. నడుపుకోవాలనుకునేవాళ్ళకి అది పనికిరాదు.

నడపడం అంటే, బుల్లెట్ ఎలా స్టార్ట్ చెయ్యాలో తెలిస్తే సగం ఆనందం అక్కడే. తాళం తిప్పి, కిక్ మెల్లగా నొక్కుతూ యామీటర్ (కరెంటు చూపించే మీటరు) ముల్లుని చూస్తుండాలి, మైనస్ వైపు ఉన్న ముల్లు మధ్యకి వచ్చి ఆగుతుంది, అప్పుడు డీకంప్రెషన్ లివర్ (ఇంజన్‌లో ఒత్తిడి వదిలేది) పట్టుకుని కొద్దిగా దాటించి, లివర్ వదిలేసి, కిక్ పైకి రానిచ్చి నిండుగా ఒక్కటి. బలం అక్కర్లేదు. తర్వాత తెల్లారకముందే బీచ్ రోడ్డెక్కి రుషికొండ మీదుగా భీమిలి దాకా యాభైలో వెళ్తుంటే బండికీ మనకీ ఇద్దరికీ హాయిగా ఉంటుంది. అరవై దాటించి దాని ప్రాణం తియ్యకండి. ఒకటే జాగ్రత్త, బీచ్ నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి, తుడిచి, చువ్వలకీ నట్లకీ పల్చగా ఆయిల్ రాసి కవర్ కప్పండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల చెమ్మ పట్టేస్తుంది, నూలు దుప్పటి చాలు.

ఇంత చెప్పినా, గాజువాక నుంచి రోజూ డ్యూటీకి వెళ్ళాలి, ట్రాఫిక్‌లో తిప్పాలి అనుకునేవాళ్ళు బుల్లెట్ జోలికి రావద్దు, లోపలి ఊరి నుంచి వచ్చిన మంచి ఆర్‌ఎక్స్ చూసుకోండి, రోజూ తిరిగితే దాని క్రాంకుకీ ఏం కాదు. ఏది తీసుకున్నా ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలో తేమని లాక్కుంటుంది. వారాల తరబడి తియ్యకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ ఖాళీ చేసి పెట్టండి, పాత పెట్రోల్ పైపులు ముందే మార్పించేయండి.