ప్రభల తీర్థం దారిలో హైస్కూల్ పేరెంట్స్ పెట్టిన టిఫిన్ స్టాల్ - తిన్నాక నా రివ్యూ

కనుమ రోజు మన కోనసీమలో ఊళ్ళ ప్రభలన్నీ ఒకచోట చేరే జగ్గన్నతోట తీర్థానికి మోసలపల్లి రోడ్డు మీదుగా వెళ్ళినోళ్ళు ఈ స్టాల్ చూసే ఉంటారు, గవర్నమెంట్ హైస్కూల్ పేరెంట్స్ కమిటీ వాళ్ళు టెంటు వేసి టిఫిన్లు, పిండివంటలు అమ్మారు, మిగిలిన డబ్బంతా స్కూలుకే. స్కూలు పేరు రాయట్లేదు, కింద తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి, మనోళ్ళకి ఎలాగూ తెలిసిపోద్ది. 5కి 4 ఇస్తున్నాను. పాపం మంచి పని చేస్తున్నారు కదా అని జాలిపడి వేసిన మార్కులు కావండీ, స్కూలు సంగతి పక్కన పెట్టి తిండి చూసి వేసినవే.

ముందు పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించేవి. అంబాజీపేట పొట్టిక్కలు మన సైడ్ తెలియనోళ్ళు ఎవరూ లేరు గానీ ఈ మధ్య చాలా హోటళ్ళలో పనసాకు బుట్ట పేరుకే, నిన్నో మొన్నో కుట్టేసిన ఆకు వాడిపోయి ఉంటది, లోపల మామూలు ఇడ్లీ పిండి. ఇక్కడ టెంటు వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని నాలుగేసి ఆకులు తీసుకుని కొబ్బరి ఈనెతో గుచ్చి అప్పటికప్పుడు బుట్టలు కుడుతున్నారు, ఇంకొకావిడ పిండి పోస్తోంది, గుండిగ మూత తీసినప్పుడల్లా ఆ పచ్చి ఆకు ఉడికిన వాసన రోడ్డు దాకా కొడుతోంది. ఈనె పీకి ఆకు ఒలిస్తే పొట్టిక్క మీద ఆకు గీతలన్నీ అచ్చు దిగి ఉన్నాయి, చుట్టూ లేత గోధుమ రంగు, లోపల మెత్తన, మినప్పప్పు దగ్గర పిసినారితనం చేయలేదు. రెండు 40 రూపాయలు, కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి. కొబ్బరి పచ్చడి పొద్దున్న గట్టిగా కమ్మగా ఉంది, జనం పెరిగేకొద్దీ నీళ్ళు పెరిగాయి, రెండోసారి వేయించుకుంటే ఆకులోంచి కారిపోయింది. అల్లం పచ్చడి మాత్రం చివరిదాకా మాట తప్పలేదు.

40కి ఇచ్చి ఏం మిగుల్తాదండీ అనడిగితే క్యాష్ దగ్గర కూర్చున్నాయన చెప్పాడు, కొబ్బరికాయలు ఒక్కటి కూడా కొనలేదంట, పిల్లల ఇళ్ళల్లో తోటలున్నోళ్ళు దింపు తీయించినప్పుడే కొన్ని కాయలు పక్కన పడేసి ఉంచారు, పనసాకులు పిల్లలే కోసుకొచ్చారు, కొన్నది పప్పూ రవ్వా నెయ్యీ గ్యాసూ. వండినోళ్ళకి కూలీ లేదు.

పిండివంటల బాక్సులు భోగికి ముందే ఆర్డర్ తీసుకున్నారు. పూతరేకులు బావున్నాయి, నెయ్యి అసలుదే, బెల్లం పొడి మరీ దట్టించకుండా వేశారు. నాకు నచ్చింది ఏంటంటే బాక్సు మీద ఆత్రేయపురం పూతరేకులు అని గొప్పగా రాసుకోలేదు, "రేకులు ఆత్రేయపురం నుంచి తెచ్చాం, చుట్టింది మేము" అని రాశారు. 2023లో వాటికి జీఐ ట్యాగ్, అంటే ఆ ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చాక ఎక్కడ చుట్టినా ఆత్రేయపురమే అని బోర్డు పెట్టేసేవాళ్ళని చూసి చూసి ఉన్నాం కాబట్టి ఇది ముచ్చటేసింది. సున్నుండలు ఓకే. అరిసెలు మాత్రం పాకం ముదిరిపోయింది, మా నాన్నగారు ఒకటి తీసుకుని కొరికి ఏం మాట్లాడకుండా మళ్ళీ డబ్బాలో పెట్టేశారు.

ఇక డబ్బులు ఎందుకంటే, గవర్నమెంటు స్కూళ్ళు బాగుచేసిన నాడు-నేడు పథకంలో స్కూలుకి రంగులు, బెంచీలు, ఫ్యాన్లు, గోడకి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చాయి, అది నిజం, కాదనక్కర్లేదు, కానీ కరెంటు పోతే ఆ ప్యానెల్ కూడా నల్లబల్లే, అందుకని ఇన్వర్టర్ బ్యాటరీలు. రెండోది పదో తరగతి వాళ్ళకి సాయంత్రం స్పెషల్ క్లాసుల టైంలో గుగ్గిళ్ళో అరటిపళ్ళో పెట్టడం. మూడోది వాలీబాల్ ఆడే చోటు మెరక చేయడం, మన డెల్టా నేల సంగతి తెలిసిందే కదా, ఓ మాదిరి వాన పడితే నాలుగు రోజులు కోర్టులో కప్పలు ఆడుకోవాలి.

తల్లికి వందనం పథకంలో ఒక్కో పిల్లకి గవర్నమెంటు ఇచ్చే 15000లో 13000 తల్లి ఖాతాలో వేసి 2000 స్కూలు, టాయిలెట్ల నిర్వహణకి పట్టుకుంటున్నారు కదా మళ్ళీ ఈ వసూళ్ళేంటి అని లైన్లో నా ముందున్నాయన గట్టిగానే అడిగాడు. అడగాల్సిందే. దానికి వాళ్ళ జవాబు, అది టాయిలెట్లకీ రిపేర్లకీ అండి, గుగ్గిళ్ళకీ గ్రావెల్‌కీ అందులోంచి తీయలేం అని. ఇంకో పెద్దాయన ఇంకా ముందుకెళ్ళి, ఆకలన్నోళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి లంకల గన్నవరం పక్కనే పెట్టుకుని తిండి అమ్ముకుంటారేంటమ్మా అన్నారు. పిండి పోస్తున్నావిడ తల కూడా ఎత్తలేదు, "స్కూల్లో మధ్యాహ్నం అన్నం ఆవిడ పేరు మీదే పెడుతున్నారు బాబుగారూ, సాయంత్రం ఆరింటికి మా పిల్లలకి మళ్ళీ ఆకలేస్తుందండి, దానికి మేం పడుతున్నాం పాట్లు" అంది. పెద్దాయన రెండు ప్లేట్లు తీసుకున్నారు, ఆయ్.

నా మటుకు నాకు చందా పుస్తకం కంటే ఈ పద్ధతి వంద రెట్లు నయం. పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగితే ఎవరిమీద పడుద్దండీ, రొయ్యల చెరువుల మీద పనికెళ్ళేవాళ్ళూ, దింపు పనివాళ్ళూ, వాళ్ళ పిల్లలేగా ఆ స్కూల్లో ఎక్కువ మంది, ఇవ్వలేనోళ్ళ పేరు ఎదురుగా ఖాళీ కనపడుద్ది, ఆ పిల్లకి మొహం చెల్లదు. ఇక్కడ డబ్బు పెట్టింది పండక్కి హైదరాబాద్ నుంచీ గల్ఫ్ నుంచీ కార్లేసుకుని దిగినోళ్ళు, 500 ఇవ్వలేని తల్లి ఒక పూట బుట్టలు కుట్టింది, ఇద్దరి వంతూ సరిపోయింది. విద్యాహక్కు చట్టంలో స్కూలు కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి, సగం ఆడవాళ్ళుండాలి అని ఎప్పుడో 2009లోనే రాశారు గానీ చాలా చోట్ల ఆడవాళ్ళ పేరు ఉంటది సంతకం మొగుడు పెడతాడు. ఈ స్టాల్లో లెక్క అడిగితే మగాళ్ళే ఆవిడ్ని అడగండి అని చేయి చూపిస్తున్నారు.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఎవరో మనిషి పేరొచ్చింది. కమిటీకి బ్యాంకు ఖాతా ఉందంట, మరి దాని క్యూఆర్ అతికించడానికి ఏమైంది, రేపు ఎవడో ఒకడు ఏదో అంటే పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డోళ్ళకి కదా ఆ మాట తగిలేది. ధరల బోర్డు లేదు, ప్రతివాడూ ఎంత ఎంత అని అడగడంతోనే లైను ఆగిపోతోంది. పదకొండు కాకుండానే పొట్టిక్కలు అయిపోయాయి, ప్రభలు కౌశిక నది దాటి తోటలోకి చేరేసరికి జనం అంతా ఇటు తిరుగుతారని తెలిసి కూడా. చెత్తబుట్ట ఒక్కటే పెట్టారు, ఆకులూ ప్లేట్లూ పక్కన పంట బోదెలో పడ్డాయి, ఆ చేలోంచి ప్రభలు వెళ్ళినా ఏమనని రైతు పొలం అది, సాయంత్రం పెద్ద పిల్లల్ని పెట్టి తీయించారు గానీ ముందే చూసుకోవాల్సింది.

లెక్కల దగ్గర మాత్రం వంక పెట్టలేం. స్కూలు గేటుకి కాగితం అంటించారు, వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు, వచ్చింది ఇంత, టెంటుకి ఇంత, గ్యాసుకి ఇంత, అమ్మగా మిగిలిన సున్నుండలు టీచర్లు కొనుక్కున్నది ఇంత అని. మధ్యలో ఒక లైను, "పోయిన గరిటె 1, అద్దె సామాను వాళ్ళకి కట్టినది 120" అని. గరిటె కూడా రాశారంటే ఇంక నేను పైలైన్లు కూడిక వేసి చూడలేదు. బ్యాటరీల బిల్లు వచ్చాక అదే కాగితం కింద అతికిస్తామన్నారు, వాళ్ళు అతికించగానే ఫొటో ఇక్కడ పెడతాను.

ఉగాదికి స్కూలు దగ్గరే మళ్ళీ పెడతారంట. వెళ్ళేవాళ్ళు తొమ్మిదిలోపు వెళ్ళండి, పచ్చడి గట్టిగా ఉంటది, చిల్లర పట్టుకెళ్ళండి, పూతరేకులు కావాలంటే వారం ముందే చెప్పాలి. అరిసెలు ఈసారి పాకం వేరే ఆవిడ పడుతుందంట, అయినా ఎవరైనా తిని ఇక్కడ రాసేదాకా ఆర్డర్ పెట్టకండి.