రీకండిషన్డ్ ఏసీ కంప్రెసర్: కొలిచి పోసిన ఆయిల్‌తోనే ఇన్నాళ్లు నిలబడింది

2022 ఏప్రిల్‌లో విజయవాడ ఆటోనగర్‌లో మా పెట్రోల్ కారుకి రీకండిషన్డ్ (పాతదాన్ని విప్పి బాగుచేసిన) ఏసీ కంప్రెసర్ వేయించాను. అప్పటి నుంచి రోహిణి కార్తె ఎండల్లో కూడా గుంటూరు తిరుగుతూనే ఉన్నాను. ఇప్పటికీ చల్లదనం తగ్గలేదు. ఖర్చు కొత్తదాని ధరలో సగం కూడా కాలేదు. కంప్రెసర్ బాగుందన్నది నిజమే కానీ, అది ఇన్నాళ్లు నిలబడడానికి అసలు కారణం అందులో ఆయిల్ పోసిన పద్ధతి అని నా నమ్మకం.

మొదట అడిగిన షాపులో "గ్యాస్‌తో పాటే ఆయిల్ కూడా ఎక్కించేస్తాం సార్" అన్నారు. ఎంత ఎక్కిస్తారని అడిగితే జవాబు రాలేదు. అక్కడ చేయించలేదు.

రెండో చోట మెకానిక్ ముందుగా పాత కంప్రెసర్‌ని బోర్లించి, షాఫ్ట్ చేత్తో తిప్పుతూ, ఉన్న ఆయిలంతా కొలత గ్లాసులోకి వంచారు. 40 మి.లీ. దాకా వచ్చింది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఎండలో చూశారు. లోహపు రజను లేదు, నల్లబడలేదు. మా కారు సిస్టమ్ మొత్తానికి పట్టేది 100 మి.లీ. "ఇందులో 40 వచ్చిందంటే మిగతా 60 కూలింగ్ కాయిల్లో, వేడి బయటికి వదిలే కండెన్సర్‌లో, పైపుల్లో, తేమ పీల్చే డ్రయ్యర్‌లో ఉన్నట్టే సార్. ఇప్పుడు మళ్లీ 100 పోస్తే లోపల 160 అవుతుంది" అన్నారు. డ్రయ్యర్ కూడా మారుస్తున్నాం కాబట్టి దాని వాటాకి 10 కలిపి, 50 పోశారు. రీకండిషన్డ్ కంప్రెసర్‌లో అప్పటికే కొంత ఆయిల్ ఉంది. అది ఎంతో, ఏ రకమో తెలియదు కనుక ముందే పూర్తిగా వంపేశారు. ఈ ఒక్క పని చూశాకే ఆయన మీద నాకు గురి కుదిరింది.

ఆయిల్ తక్కువైతే కంప్రెసర్ పట్టేస్తుందని అందరికీ తెలుసు. ఎక్కువైతే వచ్చే నష్టాన్నే చాలామంది పట్టించుకోరు. అదనపు ఆయిల్ కాయిల్ గొట్టాల లోపల పొరలా పేరుకుని వేడి మార్పిడిని అడ్డుకుంటుంది. గ్యాస్ సరిపడా ఉన్నా చల్లదనం రాదు. పైగా కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది.

రకం విషయంలోనూ రాజీ పడకూడదు. ఆర్‌134ఎ అనే ఏసీ గ్యాస్ ఉన్న కార్లలో ఎక్కువగా వాడేది పాగ్ అనే సింథటిక్ ఆయిల్. అందులో 46, 100, 150 అని చిక్కదనాలున్నాయి. మన ఎండలకి చిక్కటిది మంచిదని చెప్పేవాళ్లున్నారు, వినకండి. కంప్రెసర్ లేబుల్ మీద ఉన్నదే పోయాలి. మాది 46. పాగ్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఆ తేమ వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలంతా లాగేసినా అంత తేలిగ్గా వదలదు. కాబట్టి మూత తీసి ఎన్నాళ్లయిందో తెలియని డబ్బా వద్దు. మాకు సీలు డబ్బా మా ఎదుటే తెరిచారు. పోశాక బెల్టు వేయకముందే కంప్రెసర్ క్లచ్ ముందు భాగాన్ని చేత్తో పదిసార్లు తిప్పారు. లేకపోతే ఒకచోట చేరిన ఆయిల్ మొదటి స్టార్టింగ్‌లోనే వాల్వులని దెబ్బతీయవచ్చు.

ఫలితం: మే నెల మధ్యాహ్నం మంగళగిరి దాటి హైవే మీద వెళ్తుంటే వెంట్ దగ్గర 9, 10 డిగ్రీలు ఉంటోంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు 14 దాకా పెరుగుతుంది. అది మా పాత కండెన్సర్ వల్ల అనుకుంటాను. పుల్లీ బేరింగ్ మాత్రం గతేడాది కూత మొదలుపెట్టింది, మార్పించాను. గ్యారంటీ 6 నెలలే ఇచ్చారు, అది నాకు నచ్చలేదు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేస్తాను, షాఫ్ట్ సీల్ ఎండిపోకుండా.

రేటింగ్ 5కి 4. పాత ఆయిల్‌లో రజను కనిపిస్తే మాత్రం ఈ లెక్క వర్తించదు. అప్పుడు పైపులు, కాయిల్ ఫ్లష్ చేసి (లోపల కడిగి), కండెన్సర్, డ్రయ్యర్ మార్చి, ఆయిల్ మొదటి నుంచి లెక్క కట్టాలి. ఆ ఖర్చు వద్దనుకుని కంప్రెసర్ ఒక్కటే మారిస్తే, పాత రజను కొత్తదాన్నీ తినేస్తుంది.